నిలయ విద్వాంసుడు, పనసచెట్టు, వీణ: నూజివీడు ప్రాంత కళాపోషణ చరిత్ర – ఒక పరిశీలన

ప్రవేశిక

కళాకారుని ఒక చోటికి ఆహ్వానించి, వసతినీ, పనిముట్లనూ, తీరికనూ సమకూర్చి, ఆ స్థలంతో అతనికి ఏర్పడే సంబంధం నుంచి కొత్త కృతిని ఆశించే ఏర్పాటును నేడు ‘ఆర్టిస్ట్ రెసిడెన్సీ’ అని వ్యవహరిస్తున్నారు. ప్రకృతి, సాంకేతికత, పర్యావరణం అనే మూడు అంశాలను కలిపి పరిశీలించే రెసిడెన్సీలు ఇటీవలి దశాబ్దాలలో అనేక దేశాలలో ఏర్పడ్డాయి. వీటి చరిత్రను సాధారణంగా 1907లో అమెరికాలో ఏర్పడిన మెక్‌డవెల్ వంటి సంస్థలతో మొదలుపెడతారు. కళాకారునికి నివాసం కల్పించి పోషించడం మాత్రం తెలుగుదేశానికి కొత్త కాదు. ‘ఆస్థానం’ అనే మాటలోనే ‘స్థానం’ ఉంది. ఆకాశవాణి వాడుకలోని ‘నిలయ విద్వాంసుడు’ అనే పదబంధం రెసిడెన్సీ అనే భావనకు అంతకంటే దగ్గరది.

అయితే మన సాహిత్య చరిత్రలు ఆస్థానాన్ని కవి నివాసంగా మాత్రమే గుర్తించాయి. కవి పద్యం చదివిన సభలోనే వీణ మోగింది. ఆ వీణకు చెక్కనిచ్చిన చెట్టూ, దానిని తొలిచిన చెయ్యీ పోషణ చరిత్రలో చోటు పొందలేదు. నూజివీడు ప్రాంతాన్ని ఆధారంగా తీసుకొని ఈ లోపాన్ని పరిశీలించడం, దాని పర్యవసానాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సంస్థానం – నివాసం

కృష్ణా మండలంలోని పెద్ద జమీందారీలలో నూజివీడు ఒకటి. మేకా వంశీయులైన అప్పారావులు దీనిని పాలించారు. 1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయం జమీందారుకు భూమిపై స్థిరమైన హక్కునిచ్చింది. ఆ వంశపు ఆస్తి పంతొమ్మిదవ శతాబ్ది గడిచేకొద్దీ వుయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు మొదలైన శాఖలుగా విడిపోయింది. శాఖలు పెరిగిన కొద్దీ సభలూ పెరిగాయి, పోషణకు ద్వారాలూ పెరిగాయి.

ఆనాటి కళాకారులలో సంచారులూ, స్థిరనివాసులూ ఉన్నారు. తిరుపతి వేంకట కవులు అవధానాలు చేస్తూ సంస్థానం నుంచి సంస్థానానికి సాగారు. వారి ‘నానారాజ సందర్శనం’ అనే కృతి పేరే ఈ సంచార జీవనానికి సాక్ష్యం. వైణికుడు తుమరాడ సంగమేశ్వరశాస్త్రి పిఠాపురం సంస్థానంలో స్థిరపడ్డారు. ఆయన వీణకు ముగ్ధుడైన రవీంద్రనాథ ఠాకూరు శాంతినికేతనానికి ఆహ్వానించగా అక్కడ కొంతకాలం ఉన్నారు. ఒక సంస్థాన నివాసి మరొక విద్యానిలయంలో అతిథి కావడం ఆధునిక రెసిడెన్సీకి మన ప్రాంతంలో కనిపించే తొలి ఉదాహరణలలో ఒకటిగా భావించవచ్చు. 1910లో మచిలీపట్నంలో ఏర్పడిన ఆంధ్ర జాతీయ కళాశాలకు వంగదేశం నుంచి వచ్చి చిత్రకళ నేర్పిన ప్రమోదకుమార్ చటోపాధ్యాయ కూడా ఇటువంటి అతిథి గురువే. అడివి బాపిరాజు ఆయన శిష్యుడు.

ఈ పేర్లన్నీ చరిత్రలో నిలిచాయి. నూజివీడులో వీణలు చేసిన వారి పేర్లు ఏ కృతి అవతారికలోనూ కనిపించవు.

వీణ – స్థలబద్ధమైన వాద్యం

ఆంధ్రదేశంలో వీణల తయారీకి పేరుపొందిన ఊళ్లలో బొబ్బిలి, నూజివీడు ముఖ్యమైనవి. రెండూ సంస్థాన కేంద్రాలు కావడం గమనింపదగినది. నూజివీడులో ఈ వృత్తిని తరతరాలుగా నిలబెట్టినవారు ముస్లిం కళాకారులు. సరస్వతీ రూపంగా పూజలందుకొనే వాద్యం వారి చేతుల మీదుగా రూపొందడం ఈ ప్రాంత సాంస్కృతిక చరిత్రలో విడదీయరాని భాగం.

వీణకు పనసకర్ర శ్రేష్ఠమని ప్రసిద్ధి. అది తేలికైనది, నాదాన్ని చక్కగా పలికిస్తుంది. చెక్కడానికి లొంగుతుంది గాని తొందరగా పగలదు. కుండను దుంగ నుంచి తొలుస్తారు. దానికి దండి, ఆ దండి చివర యాళి ముఖం అమరుతాయి. దండి కింద బుర్ర ఉంటుంది. కుండ, దండి ఒకే మానులో తొలిస్తే అది ఏకాండి వీణ. అందుకు తగిన చుట్టుకొలత గల మాను కావాలి. ఆ మాను పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. కోసిన కర్రను ఎండనివ్వాలి. తొందరపడి పచ్చికర్రతో చేసిన వాద్యం తరువాత వంగుతుంది.

నేటి వీణ రూపం స్థిరపడటంలో తంజావూరు రఘునాథ నాయకుని కాలాన్ని (1600–1634) ముఖ్యమైన ఘట్టంగా చెబుతారు. ఇరవై నాలుగు మెట్లతో, స్థాయికి పన్నెండు స్వరస్థానాల చొప్పున రెండు స్థాయిలను పలికించే ఏర్పాటు అన్ని రాగాలకూ ఒకే వీణ సరిపోయేటట్లు చేసింది. ఆ మెట్లను దండిపై మైనపు మిశ్రమంలో నిలుపుతారు. ఈ పనికే మేళం కట్టడమని పేరు. తయారీ మొత్తంలో చెవికి పరీక్ష పెట్టే దశ ఇదే.

మైనం వేడికి మెత్తబడుతుంది. కర్ర తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకొంటుంది. కనుక కొంతకాలానికి మేళం సడలుతుంది, మళ్లీ కట్టవలసి వస్తుంది. అమ్మకంతో వీణ పూర్తి కాదు. వాయించే వ్యక్తికీ చేసిన వ్యక్తికీ మధ్య రాకపోకలు కొనసాగినంతకాలమే అది శ్రుతిలో ఉంటుంది. కాబట్టి వీణ చేసేవాడు ఒక ఊరిలో స్థిరంగా ఉండటం ఆ వాద్యపు సాంకేతిక అవసరం. సంస్థానం అతనికి ఇచ్చినది అన్నవస్త్రాల కంటే ముందు ఈ స్థిరత్వమే.

మామిడి – పనస

నూజివీడు పేరు చెప్పగానే స్ఫురించేది చిన్నరసం. మన మామిడి రకాలలో అధికభాగం టెంక నాటితే తల్లిచెట్టు లక్షణాలతో రావు. అందువల్ల చిన్నరసం వంటి రకాన్ని అంటుకట్టి నిలుపుకోవాలి. అంటుకట్టడం స్వయంగా ఒక సాంకేతిక విద్య. ఒక రుచి తరాలు దాటడానికి బతికి ఉన్న చెట్టు కొమ్మ ఎంత అవసరమో, మేళం కట్టే నేర్పు తరాలు దాటడానికి బతికి ఉన్న గురువు చెయ్యి అంత అవసరం.

ఆర్థికంగా మాత్రం ఈ రెండు చెట్ల మార్గాలు వేరు. అంటు మామిడి కొన్నేళ్లకే కాపుకు వస్తుంది. ఏటా పంటను లెక్కగట్టి తోటను గుత్తకు ఇవ్వవచ్చు. పనస కూడా కాయ కాస్తుంది గాని, వీణకు కావలసినది కాయ కాదు, ముదిరిన మాను. దశాబ్దాల తరువాత ఒక్కసారి వచ్చే విలువ కోసం చెట్టును ఉంచడం గుత్త లెక్కకు అందదు. ఆ ఓపిక విస్తారమైన భూమిపై తరతరాల హక్కు గల యజమానికి సాధ్యమైనంతగా చిన్న కమతదారుకు సాధ్యం కాదు. కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి, ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు కర్ర దొరకడం ఎంత ముఖ్యమో ఆ వృత్తుల వారికి తెలుసు. ఏటికొప్పాకలో సహజవర్ణాలను పునరుద్ధరించిన సి.వి. రాజు కృషి, చెట్టూ రంగూ నేర్పూ కలిసి నిలిస్తేనే కళ నిలుస్తుందని నిరూపించింది.

1948 తరువాత

మద్రాసు రాష్ట్రంలో 1948 నాటి చట్టం జమీందారీలను రద్దు చేసింది. సంస్థాన వైభవానికి మూలం రైతు చెల్లించిన శిస్తు. కాబట్టి ఆ రద్దును కళాభిమానంతో విలపించడం న్యాయం కాదు. పరిశీలించవలసినది, ఆ తరువాత పోషణ ఎవరికి మారింది, ఎవరికి అందలేదు అన్న విషయం.

ఈ మార్పుకు కొంత ముందే జమీందారీ ధనం కొత్త సాంకేతికత వైపు కదిలింది. మీర్జాపురం రాజా మద్రాసులో శోభనాచల స్టూడియోను నడిపారు. ఆగిరిపల్లి కొండపై వెలసిన దైవం పేరు ఆ విధంగా చలనచిత్ర నిర్మాణశాలకు అమరింది. ఆయన దర్శకత్వంలో ‘కీలుగుర్రం’, ఆయన సతీమణి కృష్ణవేణి నిర్మాతగా ‘మనదేశం’ 1949లో విడుదలయ్యాయి. నూజివీడు వంశీయులైన మేకా రంగయ్యప్పారావు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులైనారు. ఆయన పేరిట నూజివీడులో స్నాతకోత్తర కళాశాల ఉంది. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైంది.

ఈ విధంగా నటునికి స్టూడియో, పండితునికి విశ్వవిద్యాలయం, గాయక వైణికులకు ఆకాశవాణి కొత్త నిలయాలైనాయి. ఈమని శంకరశాస్త్రి జీవితం ఈ మార్పుకు చక్కని నిదర్శనం. ఆయన మద్రాసు జెమినీ స్టూడియోలోనూ, ఆ తరువాత ఢిల్లీ ఆకాశవాణిలోనూ పనిచేశారు. వీణ వాయించేవాడు ‘నిలయ విద్వాంసుడు’ కాగలిగాడు. వీణ చేసేవానికి మాత్రం ఏ నిలయంలోనూ గది దొరకలేదు. మధ్యతరగతి ఇళ్లలో సంగీతశిక్షణ వ్యాపించడం వల్ల కొనుగోలుదారులు దొరికారు. కొనుగోలుదారు వీణ వెల చెల్లిస్తాడు. మాను ముదిరే కాలానికీ, శిష్యుడు నేర్చుకొనే కాలానికీ ఎవరూ వెల కట్టరు.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలినది ఇది: సంస్థాన పోషణలో నివాసం, ముడిసరుకు, మరమ్మతుకై రాకపోకలు అనే మూడు అంగాలు కలిసి ఉండేవి. 1948 తరువాత వచ్చిన సంస్థలు మొదటిదానిని, అదీ ప్రదర్శించే కళాకారునికి మాత్రమే, కొనసాగించాయి. మిగిలిన రెండూ సంస్థల బాధ్యత కాకుండా పోయి, వీణ చేసే కుటుంబాల సొంత భారమైనాయి.

నేడు నూజివీడులో మామిడి పరిశోధన స్థానం ఉంది. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉంది. స్నాతకోత్తర కళాశాల ఉంది. వీణ చేసేవారూ ఉన్నారు. ప్రకృతి, సాంకేతికత, కళ ఒకే పట్టణంలో ఇరుగుపొరుగుగా ఉన్నా వాటిని కలిపే ఏర్పాటు కావలసి ఉంది. ఇక్కడ ఒక రెసిడెన్సీ నెలకొల్పదలిస్తే అందులో తొలి స్థానం బయటినుంచి వచ్చే అతిథి కంటే ముందు ఊరిలోని వీణకారునికి దక్కాలి. తోట గట్లపై పనసమొక్కలు నాటించడం దాని తొలి కార్యక్రమం కావాలి. కర్ర నాదగుణాన్ని కొలవడం, మేళం కట్టే పనిని దశలవారీగా నమోదు చేయడం సాంకేతిక విద్యార్థులకు తగిన పనులు.

తెలుగు శాఖలకు ఇందులో మరొక బాధ్యత ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో వెలువడిన మాండలిక వృత్తి పదకోశాలు మనకు మార్గం చూపాయి. కుండ, దండి, బుర్ర, యాళి, మెట్టు, బిరడా, మేళం అనే మాటలు వీణకారుని పనిశాలలో ఏయే అర్థచ్ఛాయలతో నడుస్తున్నాయో, ఉర్దూ తెలుగు కలగలిసే ఆ ఇళ్లలో వాటి ఉచ్చారణ ఎట్లున్నదో అక్కడ కూర్చుని సేకరించాలి. అందుకు పరిశోధకుడే ఆ పనిశాలలో కొంతకాలం నివాసి కావలసి ఉంటుంది. పద్యం తాళపత్రంపైనో కాగితంపైనో నిలుస్తుంది. మేళం కట్టే నేర్పు చేతిలోనూ మాటలోనూ మాత్రమే నిలుస్తుంది కనుక, ఆ చేతులు పనిలో ఉండగానే ఈ సేకరణ జరగాలి.