బాక్టీరియా ఇంటిగుట్టు

యాప్రాల్‌లో మా వంటింటి అరలో ఎప్పుడూ ఒక తెల్లటి ఆయింట్‌మెంట్ ట్యూబు ఉంటుంది. నూనె చిందినా, కుక్కర్ తగిలినా అమ్మ చెయ్యి దానివైపే వెళ్తుంది. సిల్వర్ సల్ఫాడయజిన్. అంటే, వెండి మందు. 1881లో జర్మన్ వైద్యుడు క్రెడె పసిపిల్లల కళ్ళలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసి ఎందరినో గుడ్డితనం నుంచి కాపాడాడు. ఆయన చుక్కలకీ మా ట్యూబుకీ సూత్రం ఒకటే: వెండి అయాన్లు బాక్టీరియాని చంపుతాయి.

అయితే అన్నీ చావవు. 1984లో ఒక వెండి గనిలోంచి సూడోమోనాస్ స్టుట్జెరి అనే బాక్టీరియాని వేరుచేశారు. 1999లో స్వీడన్ పరిశోధకులు చూస్తే దాని ఒంట్లో వెండి స్ఫటికాలున్నాయి! తనని చంపాల్సిన అయాన్లని లోహంగా మార్చి, ఓ మూలన పెట్టేసుకుంది. గని దాకా పోనక్కర్లేదని 2002లో మద్రాసు ఐఐటీలో నాయర్, ప్రదీప్ చూపించారు. మజ్జిగలో ఉండే లాక్టోబాసిల్లస్ కూడా బంగారు, వెండి స్ఫటికాలు చేయగలదు.

ఈ కథ మా ఊరికి 2011లో వచ్చింది. యాప్రాల్ నుంచి నేరేడ్‌మెట్, మల్కాజిగిరి, తార్నాక దాటి ఉప్పల్ రోడ్డు ఎక్కితే సీసీఎంబీ. అక్కడ శివాజీ, మధు, శశి సింగ్ అంటార్కిటికా చలిలో బతికే బాక్టీరియాని పెంచి, ఆ తర్వాత కణాలన్నీ తీసేసి, మిగిలిన ద్రవంలో వెండి లవణం కలిపారు. నానోకణాలు తయారయ్యాయి. చీకట్లో ఎనిమిది నెలలు చెడకుండా నిలిచాయి, బాక్టీరియాని చంపాయి. కణం లేకున్నా పని జరిగిందంటే, విద్య ఆ ద్రవంలోకి విడుదలైన పదార్థాల్లో ఉందన్నమాట.

వాడిన వాటిలో ఒకదాని పేరు ఆర్థ్రోబాక్టర్ గంగోత్రియెన్సిస్. అంటార్కిటికాలో మన తొలి స్థావరం దక్షిణ గంగోత్రి పేరది. ఇంకోటి హిమాలయాల పిండారీ హిమానీనదంలో దొరికిన బాసిల్లస్ సెసెంబెన్సిస్. సీసీఎంబీ అనే అక్షరాలనే లాటిన్ చేసేశారు! ఎక్కడి మంచు, ఎక్కడి హబ్సిగూడ.

ఇంటిగుట్టు లంకకు చేటంటారు. ఒక బాక్టీరియా గుట్టుతో ఇంకో బాక్టీరియాని చంపడం వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ లంక కూడా ఊరుకోదు. 1975లోనే బోస్టన్‌లో కాలిన గాయాల వార్డు నుంచి వెండికి లొంగని సాల్మొనెల్లా గురించి వైద్యులు రాశారు. రోగులు చనిపోయారు. వెండిని తట్టుకోవడం గనిలో వింత. వార్డులో అదే చావు.

అందుకే 'గ్రీన్', 'సహజం' అన్న మాటలు చూసి మురిసిపోలేను. సూక్ష్మజీవి చేసినంత మాత్రాన నానోకణం మన కణాలకి హాని చేయదని రుజువైనట్టు కాదు. ప్రతి తయారీలో ఒకే సైజు రావాలి, మోతాదు తేలాలి, మనుషుల మీద పరీక్షలు నెగ్గాలి. గాజుపళ్ళెంలో బాక్టీరియా చావడం మొదటి మెట్టు మాత్రమే.

అమ్మకి ఇదంతా చెప్పాను. "అయితే ప్రతి చిన్నదానికీ పూయొద్దంటావా?" అంది. చరిత్ర నాతో చెప్పిందీ అదే.