ముర్కి దారి

ముగింపు ముందే చెప్పేస్తాను. 2018 జులై 13, శుక్రవారం సాయంత్రం, కర్ణాటకలోని బీదర్ జిల్లా ఔరాద్ తాలూకా ముర్కి దగ్గర, హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరును జనం కొట్టి చంపారు. అతని వయసు 32. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడనుకున్నారు. అతను అలాంటివాడు కాదు. ఇక చెప్పబోయేదంతా ఆ సాయంత్రం వైపే నడుస్తుంది. తెలిసే నడవాలి మనం, ఆపలేమని తెలిసే.

వికారాబాద్ జిల్లాలోని మా బంట్వారం వాళ్లకు బీదర్ పరాయి ఊరు కాదు. వికారాబాద్‌లో రైలెక్కితే మర్పల్లి, జహీరాబాద్ మీదుగా అక్కడికే పోతుంది. ఇటు తాండూరు కందిచేలు, అటు కూడా కందిచేలే. ఇటూ తండాలే, అటూ తండాలే. తెలుగు, కన్నడ, దక్కనీ ఉర్దూ, లంబాడీ మాటలు ఒకే సంతలో, ఒక్కోసారి ఒకే నోట్లో కలిసిపోతాయి. రాష్ట్రాల మధ్య గీత ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే తప్ప తెలియదు. అందుకే ముర్కి పేరు విన్నప్పుడు ఇక్కడి మనసు దాన్ని దూరపు ఊరుగా తీసుకోలేకపోయింది. అలాంటి రోడ్డు మనకూ ఉంది. అలాంటి వంతెన, అలాంటి హోటలు, అలాంటి బడి మనకూ ఉన్నాయి. అన్నిటికీ మించి, అలాంటి వాట్సాప్ గ్రూపు మనకూ ఉంది.

ఆ ఏడాది వేసవి తెలంగాణకు మంచిది కాదు. పార్థీ ముఠా దిగిందని, పిల్లల్ని ఎత్తుకుపోతోందని ఫోన్ల నిండా మెసేజీలు తిరిగాయి. పార్థీ అన్నది ఒక జాతి పేరు. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టమని ఒకటి చేసి, ఇలాంటి సంచార కులాలను పుట్టుకతోనే దొంగలను చేసింది. చట్టం పోయింది, మచ్చ పోలేదు. ఫోను వచ్చాక ఆ పాత మచ్చ కొత్త వేగం అందుకుంది. మే నెలలో నిజామాబాద్ జిల్లాలో ఒకరు, బీబీనగర్ దగ్గర ఒకరు, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ, ఇలాంటి అనుమానాలకే బలైపోయారు. ఆమె రంజాన్ మాసంలో నాలుగు పైసలు అడుక్కోవడానికి పాలమూరు నుంచి నగరానికి వచ్చిన మనిషి. ఆ మరణాలు ఒక్కొక్కటీ ఒక హెచ్చరిక. ఒక్కటైనా వినిపించి ఉంటే ముర్కి దారి మరోలా ఉండేది.

వినిపించిన చోటూ ఒకటుంది, అది మరింత బాధ పెడుతుంది. గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి. ఆమె దగ్గర పనిచేసే పోలీసులు ఊళ్లు తిరుగుతూ ఒక వింత గమనించారు. ఎండాకాలంలో ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే జనం, ఆ ఏడాది తలుపులు బిగించుకుని లోపలే పడుకుంటున్నారు. ఎందుకని అడిగితే ఫోన్లు చూపించారు. ఆ ఒక్క ప్రశ్న ఎన్ని ప్రాణాలు కాపాడిందో! గద్వాల, వనపర్తి జిల్లాల్లో నాలుగు వందలకు పైగా ఊళ్లకు పోలీసులు వెళ్లారు. డప్పు వేయించారు, పాటలు కట్టించారు, ఫోన్లో వచ్చింది అబద్ధమని గడపగడపకూ చెప్పారు. అక్కడ ఎవరూ చనిపోలేదు. అంటే ఇది ఆపలేని విపత్తేమీ కాదు. ఎవరో ఒకరు ముందే వచ్చి, మంచాలు బయట ఎందుకు లేవని అడిగితే ఆగేదే.

జనాన్ని అంతగా వణికించిన వీడియోల్లో ఒకదాని కథ చెప్పాలి. వీధిలో పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. బైకు మీద ఇద్దరు వస్తారు, ఒకడు వంగి ఒక పిల్లవాణ్ణి ఎత్తుకుంటాడు, బైకు దూసుకుపోతుంది. చూసిన తల్లి గుండె ఆగిపోతుంది. కానీ అది మన దేశంలో తీసింది కాదు. కరాచీలో, తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే రోష్ని అనే సంస్థ, తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాలని 2016లో తీయించిన చిన్న చిత్రం. అసలు చిత్రంలో బైకు వెనక్కి తిరిగి వస్తుంది. పిల్లవాణ్ణి క్షేమంగా దించుతారు. పిల్లల్ని ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలని రాసిన అట్టను కెమెరాకు చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించేశారు. బిడ్డ తిరిగొచ్చే ఘట్టాన్ని తీసేసి, బిడ్డ పోయే ఘట్టాన్ని మాత్రమే ఊళ్లమీదికి వదిలారు. ఇంకో వీడియోలో వరసగా పడుకోబెట్టిన పసివాళ్ల శవాలు. వాళ్లు 2013లో సిరియాలో విషవాయువుకు ప్రాణాలు పోయిన పిల్లలు. ఎక్కడి తల్లుల శోకమో తెచ్చి ఇక్కడి తల్లుల భయంగా మార్చారు. చనిపోయిన పిల్లల పట్ల ఇంతకన్నా అమర్యాద ఏముంటుంది?

జులై 1న మహారాష్ట్రలోని ధులే జిల్లా రాయిన్‌పాడాలో, భిక్షాటనకు వచ్చిన ఐదుగురు సంచార గోసావీలను ఇదే అనుమానంతో చంపారు. దేశం ఉలిక్కిపడింది. జులై 10న వాట్సాప్ సంస్థ పత్రికల్లో పేజీ నిండా ప్రకటనలు ఇచ్చింది. అదే రోజు, ఒకరి నుంచి ఒకరికి దాటివచ్చే మెసేజీ మీద ‘ఫార్వర్డెడ్’ అని కనిపించే గుర్తు తెచ్చామని చెప్పింది. అప్పటికి ముర్కికి ఇంకా మూడు రోజులుంది.

ఆ శుక్రవారం హైదరాబాద్ నుంచి బయలుదేరిన మిత్రుల్లో ఒకరు ఖతార్ దేశస్థుడు. ఔరాద్ దగ్గర హందికేర గ్రామంలో వాళ్లకు తెలిసిన మనిషి ఉన్నాడు. వెళ్లింది చుట్టపుచూపుగానే. దారిలో బల్కూట్ తండా దగ్గర ఆగారు. బడి నుంచి వస్తున్న పిల్లలు కనిపించారు. ఖతార్ నుంచి తెచ్చిన చాక్లెట్లు వాళ్ల చేతుల్లో పెట్టారు.

అంతే చేశారు. పిల్లలు కనిపిస్తే చేతిలో ఏదో ఒకటి పెట్టడం ఈ నేల మీద ఎవరికి తెలియదు? జాతరకు పోయివచ్చిన ముసలమ్మ దారిలో ఎదురైన ప్రతి పిల్లకూ పేలాలో, చిలకలో పెట్టకుండా ఇంటికి చేరేదా? ఎవరి బిడ్డలని అడిగేదా? ఆ సాయంత్రం పోయినవాటిలో ఇదీ ఒకటి. కొత్త మనిషి పిల్లవాడి చేతిలో తీపి పెట్టగలిగే లోకం.

తండాలో కొందరికి అనుమానం వచ్చింది. చుట్టూ చేరారు, నిలదీశారు. ఇక్కడ ఒక దారి తెరుచుకునే ఉంది. వీళ్లు ఎవరింటికి వచ్చారో ఆ ఇంటికి కబురు పంపితే చాలు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, పోలీసులు వచ్చేదాకా ఉండమంటే చాలు. అనుమానం తప్పు కాదు, బిడ్డలున్న చోట అది ఉంటుంది. కానీ అప్పటికే ఎవరి చేతిలోనో ఫోను లేచింది. వీడియో తీశారు. కారులో వచ్చినవాళ్లు పిల్లల దొంగలని రాసి గ్రూపులోకి వదిలారు. కారు భయంతో ముందుకు కదిలింది. వీడియో దానికంటే ముందు ముర్కి చేరింది.

పంపినవాళ్లను రాక్షసులనడం నాకు ఇష్టం లేదు. బిడ్డల్ని కాపాడుతున్నామనే అనుకుని ఉంటారు చాలామంది. అదే నన్ను ఎక్కువ కలచివేస్తుంది. చెడ్డ మనసులు ఒకటీ రెండూ చాలవు ఇంత ఘోరానికి. మంచి చేస్తున్నామనుకునే చేతులు వందలు కావాలి. ఆ చేతుల్లో ఒక్కటైనా తెర మీద ఆగి, ఇది చూసినవాడెవడు, నాకు చెప్పినవాడెవడు అని అడిగి ఉంటే... ముర్కిలో ఒక పెద్దమనిషైనా తండాలో తనకు తెలిసినవాడికి ఫోను చేసి, నిజమేనా అని కనుక్కొని ఉంటే... వీడియో పంపిన ఆ ఫోనులోనే మాట్లాడే వీలూ ఉంది కదా.

రోడ్డుకు అడ్డంగా చెట్టు పడేశారు. వేగంగా వచ్చిన కారు ఒక బైకును తాకి, అదుపు తప్పి, వంతెన పక్కన గోతిలో పడింది. వందల మంది దిగారు. రాళ్లతో, కర్రలతో కొట్టారు. కొందరు ఆ దృశ్యాన్నీ ఫోన్లలో తీశారు. పోలీసులు వచ్చారు, ఆ కొద్దిమంది అంత గుంపుకు అడ్డం పడ్డారు, వాళ్లకూ దెబ్బలు తగిలాయి. వాళ్లు నిలబడ్డారు గనకే మిగతా మిత్రులైనా బతికారు. ఈ విషాదంలో తలవంచి నమస్కరించగలిగింది వాళ్లకే. ఆ మిత్రులు తీవ్రగాయాలతో ఆసుపత్రి చేరారు. ఆ ఇంజనీరు మాత్రం బతకలేదు. ప్రతి రోజూ కంప్యూటర్ల మధ్య పని చేసిన మనిషి, ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు దూకిన అబద్ధానికి, బీదర్ జిల్లాలో ప్రాణం విడిచాడు.

తర్వాత ముప్పై మంది దాకా అరెస్టయ్యారు. గ్రూపు నడిపినవాడూ వాళ్లలో ఉన్నాడు. అటువైపూ తల్లులున్నారు. జైలు గేటు దగ్గర, కోర్టు మెట్ల మీద, తమ కొడుకు ఎందుకిలా చేశాడో అర్థంకాక కూర్చున్న తల్లుల గురించి కూడా నాకు దుఃఖమే కలుగుతుంది. చనిపోయినవాడి తల్లి శోకంతో అది సమానం కాదు, కానీ దుఃఖమే.

జులై 17న సుప్రీంకోర్టు తహసీన్ పూనావాలా కేసులో తీర్పు చెప్పింది. మూకహత్యలకు ప్రత్యేక చట్టం చేయమని పార్లమెంటును కోరింది, ప్రతి జిల్లాకూ ఒక నోడల్ పోలీసు అధికారిని పెట్టమని రాష్ట్రాలను ఆదేశించింది. ముర్కి జరిగి నాలుగు రోజులు. ఆ వారంలోనే వాట్సాప్, మన దేశంలో ఒక మెసేజీని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపలేకుండా చేస్తామని ప్రకటించింది. 2019 జనవరిలో అదే హద్దు ప్రపంచమంతటికీ పెట్టారు. అన్నీ వచ్చాయి. ఒక వారం ముందు రాలేదు.

బల్కూట్ తండాలో ఆ సాయంత్రం చాక్లెట్లు అందుకున్న పిల్లలు ఎదిగారు. వాళ్ల చేతుల్లోనూ ఫోన్లున్నాయి. చేయి చాచి తీపి తీసుకున్నందుకు ఒక మనిషి చనిపోయాడనే బరువు వాళ్ల మీద ఉండకూడదు. వాళ్లు చేసింది తప్పు కాదు. పెట్టినవాడు చేసిందీ తప్పు కాదు. ఆ మాట వాళ్లకు వాళ్ల తండాలోనే, వాళ్ల లంబాడీలోనే, ఆ రోజు రోడ్డు మీద ఉన్న పెద్దవాళ్లే చెప్పాలి.