గడప దాటితే సుంకం

మన ఇళ్లల్లో ఎవరైనా దూరప్రయాణం పెట్టుకుంటే పెద్దవాళ్లు బొట్టు పెట్టి, చేతిలో పదో పరకో ఉంచి పంపిస్తారు. సర్కారువారి మర్యాద దీనికి తిరగబడి ఉంటుంది. దేశం గడప దాటేవాడి చేతిలో పెట్టడం మాట అటుంచి, ఉన్నదాంట్లోంచే కాస్త గిల్లుకుంటారు. విమానం ఎక్కేముందు కట్టే ఆ పన్నుకు పేర్లు ఎన్నోసార్లు మారాయి గానీ, వాటం మారలేదు. దాని పుట్టుపూర్వోత్తరాలు వెతకబోతే మన తెలుగు నేలమీదే ఎనిమిది వందల ఏళ్లు వెనక్కి పోవాలి.

కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. అభయశాసనం అంటారు దాన్ని. అంతకుముందు, గాలివానకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో ఏముంటే అది రాజులు ఊడ్చుకుపోయేవారట. ఇకమీదట ఆ భయం లేదు, సరుకులో ముప్ఫయ్యో వంతు సుంకం తప్ప ఇంకేమీ పుచ్చుకోం అని గణపతిదేవుడు వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ సుంకం సరుకు మీదే, మనిషి మీద కాదనుకోండి. నాకు నచ్చింది మాత్రం ఇంకో సంగతి. ఎంత తీసుకుంటారో రాతి మీద చెక్కించి రేవులో నిలబెట్టారు. చదవనేర్చినవాడు చదువుకోవచ్చు, రానివాడు పక్కవాడిని అడగొచ్చు.

ఇక మా నల్లగొండ వైపుకు వద్దాం. మోత్కూరు వాళ్లకు ఒకప్పుడు పరదేశం వెళ్లాలంటే విమానం అక్కర్లేదు, సూర్యాపేట, కోదాడ దాటి జగ్గయ్యపేట పోతే చాలు. ఇటు నిజాము ఏలుబడి, అటు ఇంగ్లీషువాళ్ల కృష్ణాజిల్లా. నడుమ కరోడ్‌గిరి నాకా. కరోడ్‌గిరి అంటే నిజాము సుంకాల శాఖ. 1802లో నిజాముకు, కుంపిణీకి కుదిరిన ఒడంబడిక ప్రకారం సరుకు విలువ మీద నూటికి అయిదు సుంకం. బెజవాడ నుంచి మూట కట్టుకొని వచ్చినా, ఇక్కణ్ణుంచి అటు పట్టుకుపోయినా నాకా దగ్గర విప్పి చూపించాల్సిందే. పెళ్లికని తెచ్చుకున్న కొత్త చీరలకు ముడి విప్పాల్సి వస్తే ఆడవాళ్ల ప్రాణం ఎట్లా ఉంటుందో వేరే చెప్పాలా! పైగా డబ్బు కూడా వేరు. ఇక్కడ చెల్లేది హాలీ సిక్కా, అక్కడ చెల్లేది కల్దారు. ఆరు కల్దారు రూపాయలకు సుమారు ఏడు హాలీ రూపాయలు. 1948లో హైదరాబాదు రాజ్యం మన దేశంలో కలిసింది. ఆ తర్వాత కొన్నేళ్లకు నాకాలూ పోయాయి, హాలీ సిక్కా కూడా పోయింది. జగ్గయ్యపేట మళ్లీ పక్క ఊరైంది.

అసలు మనిషి తలమీదే పన్ను వచ్చింది 1979లో. అప్పటి ఆర్థికమంత్రి చరణ్ సింగ్, ఉపప్రధాని కూడా. రైతుల మనిషిగా పేరు. ఆయన బడ్జెట్ కూడా పల్లెలవైపు మొగ్గినదే. విదేశాలకు వెళ్లేవాళ్లంటే కలిగినవాళ్లే కదా, వాళ్ల దగ్గర కాస్త పుచ్చుకుంటే తప్పేమిటి అనుకుని ఉంటారు. దేశం విడిచి వెళ్లే ప్రయాణికుడికి తలకు 100 రూపాయలు, ఇరుగుపొరుగు దేశాలకైతే 50 అని ఫారిన్ ట్రావెల్ టాక్స్ పెట్టారు. ఆ ఆలోచన న్యాయంగానే ఉంది. చిక్కల్లా, అప్పటికే విమానం ఎక్కేవాళ్లు మారిపోయారు.

1973లో చమురు ధర మండిపోయాక గల్ఫు దేశాల్లో డబ్బు వరదలైంది. రోడ్లు, మేడలు కట్టడానికి మనుషులు కావలసివచ్చారు. వానలు మొహం చాటేసే తెలంగాణ మెట్టపల్లెల నుంచి, ముఖ్యంగా కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి, తక్కువే అయినా మా నల్లగొండ నుంచీ మగపిల్లలు బొంబాయి రైలెక్కారు. పొలం కుదువబెట్టి, భార్య పుస్తెలతాడు అమ్మి ఏజెంటుకు కట్టినవాళ్లే ఎక్కువ. రైతుల మనిషి శ్రీమంతుల మీద వేసిన పన్ను ఈ రైతుబిడ్డలు కూడా కట్టారు. ఆ రోజుల్లో కూలి ఇంట్లో నూరు రూపాయలంటే వారాల సంపాదన. అయినా పన్నుకు మనిషి తెలియడు. మెత్తని సీటులో కూర్చుని కంపెనీ పని మీద లండన్ వెళ్లే దొరగారికి ఎంతో, తాపీ చేతబట్టుకుని దుబాయి పోయే మల్లయ్యకూ అంతే. తర్వాత అది 300 అయింది, ఆపైన 500 అయింది.

ఇది మన ఒక్క దేశపు గోలే కాదు. 1978లో ఆస్ట్రేలియా వాళ్లు మనిషికి 10 డాలర్లు పెట్టారు. 1994లో బ్రిటన్ దగ్గరి ఊళ్లకు 5 పౌన్లు, దూరపు ఊళ్లకు 10 పౌన్లు అంది. జపాన్ 2019లో వెయ్యి యెన్‌లతో మొదలుపెట్టింది. ఫిలిప్పీన్స్‌లో కూడా ఈ పన్ను ఉంది గానీ, పరాయిదేశంలో కూలికి పోయే తమ వాళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆ దేశానికి డబ్బు పంపేది వాళ్లే కదా, వాళ్ల దగ్గరే గుంజుకోవడమేమిటన్న ఇంగితం! మనవాళ్లకూ అది తోచి ఉంటే ఎంత బాగుండేది. వెళ్లేవాడి మీద వేసే పన్ను ఎంత క్రూరంగా మారగలదో జర్మనీ చూపించింది. 1931లో, డబ్బు దేశం దాటిపోకుండా ఆపాలని, ఆస్తిపరులు వలసపోతే నాలుగో వంతు కట్టాలన్నారు. రెండేళ్లకు హిట్లర్ వచ్చాడు. ప్రాణం దక్కించుకుని పారిపోయే యూదులను దోచడానికి ఆ చట్టమే పనికొచ్చింది.

మన దేశంలో ఫారిన్ ట్రావెల్ టాక్స్‌ను 2004 జనవరిలో జస్వంత్ సింగ్ ఆర్థికమంత్రిగా ఉండగా ఎత్తేశారు. హమ్మయ్య అనుకునేలోగా గడప దగ్గర ఇంకొకరు చెయ్యి చాపారు. 2008 మార్చిలో బేగంపేట మూసి శంషాబాద్ తెరిచారు. కొత్త విమానాశ్రయం కట్టిన ఖర్చు రాబట్టుకోవడానికి, విదేశాలకు బయలుదేరే ఒక్కొక్కరికి 1000 రూపాయలు యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు పెట్టారు. ఇది పన్ను కాదు, రుసుము అంటారు. కట్టేవాడికి రెంటికీ తేడా ఏముందో ఆ దేవుడికే ఎరుక. ఎంత వసూలు చేయాలో నిర్ణయించడానికి ఢిల్లీలో ఒక సంస్థ కూడా ఉంది. ఇది గాక భద్రతా రుసుము వేరు. 2021లో దాన్ని విదేశీ ప్రయాణికుడికి 12 డాలర్లు చేశారు.

ఇవన్నీ ఇప్పుడు టికెట్ ధరలోనే కలిసిపోయి ఉంటాయి. కౌంటరు దగ్గర నోటు తీసి ఇచ్చే పని లేదు. సుఖమే. కాని ఇచ్చినట్టు తెలియకపోవడంలో ఒక నష్టం ఉంది, అది ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ల మీదికే వస్తుంది. కొడుకు ప్రయాణం వీసా తిరగబడో, జ్వరం వచ్చో ఆగిపోతుంది. ఏజెంటును అడిగితే, ‘చౌక టికెట్ అమ్మా, పైసా కూడా వాపస్ రాదు’ అంటాడు. తల్లి సరేనని తల ఊపి వస్తుంది. అది సగమే నిజం. విమానంవాళ్లు తమ చార్జీ ఇవ్వకపోవచ్చు. కానీ సర్కారు పన్నులు, విమానాశ్రయపు రుసుములు, ఎక్కని మనిషి దగ్గర ఉంచుకోవడానికి లేదు. ఎంత చౌక టికెట్ అయినా వాటిని వెనక్కి ఇచ్చి తీరాలని పౌరవిమాన శాఖవారు 2016లో నిబంధన పెట్టారు.

టికెట్ కాగితం మీద కింద చిన్న అక్షరాల్లో రెండేసి మూడేసి ఇంగ్లీషు అక్షరాల గుర్తులు, పక్కన అంకెలు ఉంటాయి. వాటిలోనే ఈ పన్నులూ రుసుములూ ఉంటాయి. చదవడం రాకపోతే పదో తరగతి చదివే పిల్లను పిలిచి కూడించండి. ఆ మొత్తం ఇంత, ఇది మాకు రావాలి అని అంకె చెప్పి అడిగితే ఏజెంటు గొంతు కాస్త మారుతుంది.