తెలుగు బడి హాస్యం: కోదండం నుంచి ఫోర్తు ఫారం దాకా

తెలుగు నేల మీద బడి గురించి పుట్టిన హాస్యమంతా పిల్లల అల్లరి నుంచి వచ్చిందని సాధారణంగా అనుకుంటారు గాని, పాత ఆధారాలను వరసగా చూస్తే అందులో పెద్ద వాటా బెత్తం పట్టుకున్న చేతిదేనని, బడి ఎంత నవ్వు పుట్టించే చోటో కనిపెట్టి కాగితం మీద పెట్టినవారిలో పంతుళ్ళే ముందున్నారని తేలుతుంది. అయితే ఆ నవ్వుకు కావలసిన ముడిసరుకును మొదట పోగుచేసిపెట్టినవాడు పంతులు కాదు, ఒక కలెక్టరు.

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో తన ఏలుబడిలోని జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో, వాటిలో ఏం చెబుతున్నారో తెలపమని కలెక్టర్లను ఆదేశించగా, 1823 ఆగస్టులో బళ్ళారి నుంచి ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన నివేదిక అంకెలతో ఆగకుండా బడి లోపలి బతుకును కూడా చూపించింది. నేటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్ళారి జిల్లాలోనిదే. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉండగా, ఆ బడుల్లో 226 తెలుగువి. క్యాంప్‌బెల్ అంతకుముందే తెలుగుకు ఇంగ్లీషులో వ్యాకరణం రాసినవాడు కనుక, వీధిబడిలో, అంటే ఇంటి అరుగు మీదనో చావడిలోనో ఒక్క పంతులు నడిపే బడిలో, ఏం జరుగుతున్నదో చెవితో కూడా పట్టుకోగలిగాడు. తెల్లవారి ఆరు గంటలకు బడికి అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి పొగడ్తా తెగడ్తా లేదనడానికి గుర్తుగా సున్న చుట్టేవారట. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చినవారికి తలకొకటి చొప్పున పెంచుకుంటూ పోయేవారట. ఆలస్యంగా లేచే పిల్లవాడికి కూడిక ముందుగా వంటబట్టింది ఈ పద్ధతిలోనే కావచ్చు.

శిక్షల జాబితాలో పిల్లవాణ్ణి రెండు చేతులతో పైకప్పుకు వేలాడదీయడం, మాటిమాటికీ కూర్చుని లేవమనడం కూడా అదే నివేదికలో ఉన్నాయి. తెలుగు పంతుళ్ళ నోట వీటికి వేరే పేర్లుండేవి: దూలానికి కట్టిన తాడు పట్టించి వేలాడదీస్తే అది కోదండం, చెవులు పట్టుకుని లేచి కూర్చుంటే గుంజిళ్ళు, గోడకు వీపు ఆనించి కుర్చీ లేకుండానే కూర్చోబెడితే గోడకుర్చీ, తొడ మీది మెత్తని చర్మాన్ని వేళ్ళతో పట్టి మెలిపెడితే తొడపాశం. శిక్షకు రాముడి వింటి పేరు పెట్టిన బుద్ధిలో పాండిత్యమూ ఉంది, కొంటెతనమూ ఉంది. తొడపాశాన్ని తొడపాయసంగా మార్చి, తినిపించారని చెప్పుకున్న పిల్లలు ఆ పాండిత్యానికి తగిన శిష్యులే.

పంతులి స్థితి మాత్రం నవ్వులాట కాదు. రాజధానిలో, అంటే మద్రాసు కింద ఉన్న మొత్తం ప్రాంతంలో, 12,498 బడులున్నాయని 1826లో లెక్క తేల్చిన మన్రో, పంతుళ్ళలో చాలామందికి నెలకు ఆరేడు రూపాయలకు మించి గిట్టడం లేదని రాసి, తాను పెట్టదలచిన తహసీలు బడుల్లో జీతం తొమ్మిది రూపాయలుండాలని ప్రతిపాదించాడు. ‘బతకలేక బడిపంతులు’ అన్న సామెత ఎప్పుడు పుట్టిందో గాని, దానికి ఆర్థిక కారణం ఈ అంకెల్లోనే కనిపిస్తుంది. దసరాకు పిల్లలు గిలకలు పట్టుకుని, పాటలు పాడుతూ పంతులి వెంట ఇల్లిల్లూ తిరగడం కూడా ఈ లోటును పూడ్చే ఏర్పాటే. అయ్యవారికి డబ్బు, పిల్లలకు పప్పుబెల్లాలు అన్న పంపకాన్ని పాటలోనే తేల్చేసుకోవడం వల్ల ఇంటివారికి బేరమాడే సందు ఉండేది కాదు.

క్యాంప్‌బెల్‌కు అన్నిటికంటే వింతగా తోచింది చదువు తీరు. పిల్లలు వందల పద్యాలు తప్పు లేకుండా అప్పజెబుతున్నారని, వాటి అర్థం మాత్రం చిలకకు తెలిసినంతే వారికీ తెలుసునని అతడు విచారించాడు. ఆ శతాబ్దం ముగిసేలోగా ఇంగ్లీషు హైస్కూళ్ళు వచ్చాయి, చిలక మాత్రం పోలేదు, భాష మార్చుకుంది. విజయనగరం మహారాజావారి విద్యాసంస్థల్లో పాఠాలు చెప్పిన గురజాడ అప్పారావు, 1897లో అచ్చయి 1909లో విస్తృతంగా తిరగరాసిన ‘కన్యాశుల్కం’లో ఈ సంగతినే నాటకంగా కట్టాడు: పరీక్ష పోయిన వెంకటేశం, అతడికి చదువు చెప్పే గిరీశం ఇంటివారి ముందు ఇంగ్లీషులో మాట్లాడుకోవలసి వచ్చినప్పుడు, శిష్యుడు వాచకాల్లో బట్టీపట్టిన ముక్కలనే జవాబులుగా వల్లిస్తాడు, విన్న తల్లిదండ్రులకు అదే పెద్ద చదువుగా వినిపిస్తుంది. క్యాంప్‌బెల్ లోపమని నివేదించినదాన్ని గురజాడ నవ్వుగా చూపగలగడానికి కారణం ప్రతిభ ఒక్కటే కాదు; ఆ అప్పజెప్పడాన్ని బల్లకు ఇవతల నిలబడి ఏళ్ళ తరబడి విన్నవాడు అతడు.

పంతులే నవ్వు పుట్టించే ఈ తీరు అంతకుముందు తరంలోనూ ఉంది. ధవళేశ్వరంలో ప్రధానోపాధ్యాయుడుగా ఉంటూ 1874లో ‘వివేకవర్ధని’ని మొదలుపెట్టిన కందుకూరి వీరేశలింగం, రెండేళ్ళకు ‘హాస్య సంజీవని’ని కూడా వెలువరించి, ప్రహసనాలనే చిన్న హాస్యరూపకాలతో ఊరి పెద్దలకు చురకలు వేశాడు. తెలుగులో తొలి హాస్యపత్రికను నడిపినవాడు బడిపంతులు కావడం కాకతాళీయం అనుకోవడం కష్టం.

పద్యం చెబుతున్నప్పటి నవ్వు వేరు. పదానికి పదం అర్థం చెప్పే ప్రతిపదార్థం, పద్యంలోని మాటలను వచనపు వరసలో పేర్చే దండాన్వయం అనే రెండు పనులతో పీరియడు గడిచిపోయేది. తెలుగు పిల్లవాడికి తెలుగు పుస్తకాన్ని మరో తెలుగులోకి మార్చి చెప్పవలసిన ఈ అవస్థ 1906 ప్రాంతంలో ఉత్తర సర్కారుల్లో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉన్న జె.ఎ. యేట్స్‌కు వింతగా తోచింది. అతడి సందేహాన్ని అందిపుచ్చుకుని వాడుక భాష ఉద్యమానికి ముందు నిలిచిన గిడుగు రామమూర్తి కూడా పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన పంతులే. పరాయి తనిఖీదారుకు వినిపించిన తేడా అంతమంది పండితులకు ఎందుకు వినిపించలేదన్నది ఆలోచించదగిన ప్రశ్న.

తనిఖీ అంటే బడికి పండగా పరీక్షా ఒకేసారి వచ్చినట్టు. పిల్లల ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో అమలులో ఉండడంతో, ఆ రోజున గుడ్లు తేలవేసే పిల్లవాడు తన మార్కులనే గాక పంతులి రాబడిని కూడా ముంచేవాడు. ఫస్టు ఫారం నుంచి సిక్స్తు ఫారం దాకా సాగిన నాటి మద్రాసు హైస్కూలులో ఫోర్తు ఫారం హైస్కూలు తరగతులకు గడప. లెక్కల మాస్టారుకు, డ్రిల్లు మాస్టారుకు, తెలుగు పండితుడికి మారుపేర్లు పెట్టే పని కూడా అక్కడే ఊపందుకునేది. నిజాం రాజ్యంలో సెకండరీ చదువు ఎక్కువగా ఉర్దూలో సాగింది గనుక, అక్కడి తెలుగు పిల్లవాడికి ప్రతిపదార్థం ఒక మెట్టు ముందే మొదలయ్యేది.

2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌తో బడిలో దండన నిషేధమైంది. కోదండమంటే ఇప్పటి పిల్లలకు రాముడి విల్లే గుర్తుకొస్తుంది. తొడపాశానికి మాత్రం, పూర్వ విద్యార్థుల సమ్మేళనాల్లో వారి తాతలను కదిలిస్తే, ప్రతిపదార్థం ఇంకా దొరుకుతుంది.