గుడ్డ బిళ్ల మీద ఎవరి పేరు?



డి.ఎ. బకాయిల గురించీ, కమ్యుటేషన్ గురించీ, ఆసుపత్రి బిల్లుల గురించీ నాకంటే బాగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత ఈ ప్రత్యేక సంచికకు నేను వేరే సంగతి రాస్తున్నాను. అది అరచేతిలో పట్టే ఒక గుడ్డ ముక్క సంగతి. దీనికి కారణం మన కార్యవర్గ సమావేశమే.

సంఘానికి ఒక గుర్తు తయారుచేసి, దాన్ని గుడ్డ మీద కుట్టించి, సభ్యులందరికీ తలా ఒకటి ఇవ్వాలని ఆ రోజు అనుకున్నాం. గోదావరి ఉండాలని ఒకరన్నారు, పడవ ఉండాలని ఇంకొకరన్నారు. దీపం, పుస్తకం, కలం కూడా ఉండాలన్నారు. అంతవరకు పేచీ లేదు. అంచు చుట్టూ కార్యవర్గ సభ్యుల పేర్లు కుట్టించాలని ఒక పెద్దమనిషి అనగానే గొడవ మొదలయింది. “ఇన్నాళ్లు తిరిగి పనులు చేసిపెట్టినవాళ్ల పేర్లు లేకపోతే ఎలా?” అని ఒక పక్క, “నెలనెలా చందా కట్టినవాళ్లు మనుషులు కారా?” అని ఇంకో పక్క. టీలు చల్లారిపోయాయి గాని విషయం తేలలేదు. ఇలాంటి గుర్తులు లోకంలో ఎవరెవరు ఎలా చేసుకున్నారో చూసి చెబుతానని నేను ఒప్పుకున్నాను. నేను చదివి తెలుసుకున్నది ఇది.

బిళ్ల బంట్రోతు నుంచి

మన తరానికి బిళ్ల కొత్త కాదు. కచేరీలో బిళ్ల బంట్రోతు భుజం మీదుగా వచ్చే పట్టీకి ఇత్తడి బిళ్ల మెరుస్తూ ఉండేది. దాని మీద కార్యాలయం పేరు ఉండేదే గాని, మనిషి పేరు ఉండేది కాదు. ఉద్యోగం దిగిన రోజున బిళ్లా దిగేది. మర్నాడు అదే బిళ్ల ఇంకొకరి భుజాన ఎక్కేది.

అంతరిక్షంలోకి వెళ్లినవాళ్లు తొడుక్కునే గుడ్డ బిళ్లలది వేరే కథ. 1963 జూన్ 16న అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మహిళ వాలెంటీనా తెరిష్కోవా లోపలి దుస్తుల మీద ఒక తెల్లని పక్షి గుర్తు కుట్టి ఉంది. పైన నారింజ రంగు అంగీ ఉండటంతో అది బయటికి కనిపించలేదు.

అమెరికాలో ఈ ఆనవాయితీ 1965లో జెమిని-5 యాత్రతో మొదలయింది. అంతకుముందు వ్యోమగాములు తమ నౌకకు తామే పేరు పెట్టుకునేవారు. ఆ అలవాటును పైఅధికారులు మాన్పించారు. అప్పుడు గోర్డన్ కూపర్, పీట్ కాన్రాడ్ అనే ఇద్దరూ పేరు పోతే పోయింది, సైనిక దళాలకు ఉన్నట్టు మాకూ ఒక గుర్తు కావాలని పట్టుబట్టారు. పాతకాలంలో వలస కుటుంబాలు పడమటికి ప్రయాణించిన గూడు బండి బొమ్మ వేయించారు. దాని మీద ఎనిమిది రోజులైనా ఉంటాం, లేకపోతే అంతే సంగతులు అనే అర్థంలో ఒక మాట కుట్టించారు.

నాసా అధిపతి జేమ్స్ వెబ్ ఆ మాట చూసి ఒప్పుకోలేదు. ఎనిమిది రోజులకు ఒక్క రోజు తగ్గినా యాత్ర విఫలమైందని పత్రికలు రాస్తాయని ఆయన భయం. ఫైలు మీద నోటు రాసేటప్పుడు ముందుచూపుతో ఒక మాట తగ్గించి రాసే అధికారిని మనమందరం చూసినవాళ్లమే. చివరికి బండి బొమ్మ ఉండవచ్చు గాని ఆ మాట మీద గుడ్డ ముక్క వేసి కుట్టేయాలని రాజీ కుదిరింది. ఆగస్టు 21న వెళ్లిన ఆ ఇద్దరూ ఎనిమిది రోజులకు కొద్ది గంటలు తక్కువగా ఉండి 29న క్షేమంగా దిగారు. అప్పటినుంచి యాత్రకొక బిళ్ల అనేది మామూలయిపోయింది.

కుట్టు బిళ్లకు నిప్పు భయం

1967 జనవరి 27న నేల మీద పరీక్ష జరుగుతుండగా అపోలో నౌకలో మంటలు లేచి గ్రిసమ్, వైట్, చాఫీ అనే ముగ్గురు వ్యోమగాములు చనిపోయారు. ఆ తర్వాత నౌకలో నిప్పంటుకునే వస్తువులు ఏమేం ఉన్నాయో వెదికి తగ్గించారు. గాజు నారతో నేసిన, కాలని గుడ్డను వాడటం మొదలుపెట్టారు. చంద్రయాత్రికుల సూట్ల మీద గుర్తును ఆ గుడ్డ మీదే అచ్చు వేశారు. దారంతో కుట్టిన రంగురంగుల బిళ్లలు నేల మీద తొడుక్కునే బట్టలకు, అభిమానులు దాచుకోవడానికి పనికొచ్చాయి. దారానికి నిప్పంటుకుంటుందని మన ఊరి ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కిరసనాయిలు బుడ్డి పక్కన కూర్చుని లేసు అల్లిన చేతులవి.

పేర్లు లేని బిళ్ల

ఇక మన పేచీకి సరిపోయే ఉదాహరణ 1969 జూలైలో చంద్రుడి మీద దిగిన అపోలో-11. ఆ గుర్తును రూపొందించినవారు మైకేల్ కాలిన్స్. మిగతా ఇద్దరూ చంద్రుడి మీద నడుస్తుంటే పైన నౌకలో ఒంటరిగా తిరిగినది ఆయనే. గద్ద బొమ్మ బాగుంటుందని సహ వ్యోమగామి జిమ్ లోవెల్ సలహా ఇచ్చారు. కాలిన్స్ ఒక పక్షుల పుస్తకంలోని బొమ్మ మీద పల్చటి కాగితం పెట్టి గీసుకున్నారు. శాంతికి గుర్తుగా గద్ద ముక్కున ఆలివ్ కొమ్మ పెట్టారు. బొమ్మ పైవాళ్ల దగ్గరికి వెళ్లింది. చాచిన గోళ్లు చూస్తే యుద్ధానికి దిగుతున్నట్టుందని అక్కడ అభ్యంతరం వచ్చింది. కొమ్మను ముక్కు నుంచి తీసి గోళ్లకు పట్టించారు. గోళ్ల భయం తగ్గింది, శాంతి మాత్రం మిగిలింది.

అంకె విషయంలోనూ ఆలోచించారు. పదకొండును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఇతర దేశాలవారికి తెలియదని 11 అనే అంకే వేశారు. ఒక్క తప్పు మాత్రం దొర్లింది. చంద్రుడి మీద నుంచి చూస్తే భూమి మీద చీకటి పడవలసిన చోటు వేరు, బిళ్ల మీద పడిన చోటు వేరు. అంతమంది శాస్త్రజ్ఞులున్న సంస్థలోనూ ప్రూఫులో ఒక తప్పు మిగిలింది. మన సంచికలో అచ్చుతప్పులు కనిపిస్తే సంపాదకులను మన్నించడానికి ఈ మాట పనికొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. ఆ బిళ్ల మీద ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు లేదు. ఆల్డ్రిన్ పేరు లేదు. గీసిన కాలిన్స్ పేరూ లేదు. అపోలో పనిలో సుమారు 4,00,000 మంది పాల్గొన్నారని లెక్క. వాళ్లలో ఇంజనీర్లున్నారు, లెక్కలు కట్టినవాళ్లున్నారు, సూట్లు కుట్టిన కుట్టుపని మహిళలున్నారు. అంతమంది పేర్లు బిళ్ల మీద పట్టవు. పట్టనప్పుడు తమ ముగ్గురి పేర్లు మాత్రం ఎందుకని వాళ్లు తమవి కూడా తీసేసుకున్నారు. కాలిన్స్ 1974లో అచ్చయిన తన పుస్తకంలో ఈ కారణం రాసుకున్నారు.

మరుసటి ఏడు అపోలో-13 బిళ్ల మీదా పేర్లు లేవు. ఆకాశంలో పరుగెత్తే మూడు గుర్రాలే ఉన్నాయి. బయలుదేరడానికి కొద్ది రోజుల ముందు మాటింగ్లీ అనే ఆయనకు జర్మన్ తట్టు (రుబెల్లా) సోకే భయం ఉందని ఆపి, స్విగర్ట్ అనే ఆయనను పంపారు. పేర్లు లేవు కాబట్టి బిళ్ల మార్చవలసిన పని పడలేదు. ఆఖరు నిమిషంలో వచ్చే బదిలీ ఉత్తర్వుల సంగతి మనకు తెలియనిది కాదు.

పేర్లున్న బిళ్ల

అయితే పేర్లు ఉండకూడదని తేల్చేద్దామా అంటే, కల్పనా చావ్లా బిళ్ల అడ్డొస్తుంది. 2003 జనవరి 16న కొలంబియా నౌకలో వెళ్లిన ఏడుగురిలో ఆమె ఒకరు. ఆ యాత్ర బిళ్లను నౌక ఆకారంలోనే కత్తిరించారు. భూమి అంచున ఉదయిస్తున్న సూర్యుడు, ఒక పక్క పావురం అనే నక్షత్ర మండలం. ఆ మండలాన్ని శాంతికీ, నౌక పేరుకీ కూడా గుర్తుగా తీసుకున్నారు. అందులో ఏడు చుక్కలు ఏడుగురు మనుషులు. అంచున ఏడుగురి పేర్లూ ఉన్నాయి. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక ముక్కలైపోయింది, ఎవరూ మిగల్లేదు. అలంకారానికి వేసిన పేర్లు ఆ రోజు నుంచి స్మారక శిలాఫలకం మీద పేర్లయ్యాయి. ఆ బిళ్ల చూసినవాళ్లెవరూ పేర్లు అనవసరమని అనలేరు.

మన శ్రీహరికోట అనుభవం ఇంకొక దారి చూపిస్తుంది. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి-3 మొదటి ప్రయోగం విఫలమైనప్పుడు ఇస్రో అధిపతి సతీష్ ధావన్ గారు పత్రికల ముందు తానే నిలబడి బాధ్యత తీసుకున్నారు. 1980 జూలై 18న రెండో ప్రయోగం గెలిచినప్పుడు అబ్దుల్ కలాం గారిని ముందుకు పంపి మాట్లాడమన్నారు. కలాం గారు ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పేవారు. మాట పడవలసినప్పుడు పెద్ద తన పేరు పెట్టుకున్నారు, మెప్పు వచ్చినప్పుడు పక్కకు తప్పుకున్నారు.

మన ఊరి పేరు, మన ఊరి చేతులు

ఇంతదూరం చదివాక నాకు మన ఊరే గుర్తుకొచ్చింది. నరసాపురంలోని మాధవాయిపాలెం ఒకప్పుడు ఇంగ్లీషు కంపెనీవారి సరుకుల స్థావరం. ఇక్కడి నుంచి ఓడలెక్కిన సన్నని నూలు గుడ్డను వాళ్లు, పలకడం చేతగాక, మడపోలం అన్నారు. ఆ పేరు ఇప్పటికీ బట్టల నిఘంటువుల్లో ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ వారు చెక్కతో చేసిన మస్కిటో అనే విమానం ఒళ్లంతా మడపోలం గుడ్డ అంటించి, దాని మీద ద్రావకం పూసి రంగు వేసేవారు. ఆ గుడ్డ అప్పటికి మన మగ్గాల మీద నేసింది కాదు. కాని గోదావరి ఒడ్డున ఉన్న ఒక పాలెం పేరు ఆ విధంగా ఆకాశంలోకి ఎగిరింది. ఊరి పేరు మిగిలింది. నేసినవాళ్ల పేరు ఒక్కటీ మిగల్లేదు.

తర్వాత వచ్చింది లేసు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ అల్లిక నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటి పనిగా స్థిరపడింది. ఒకరు పువ్వులు అల్లితే, ఇంకొకరు వాటిని కలిపి అతుకుపని చేస్తారు. దుప్పటిగానో, బల్ల గుడ్డగానో తయారై ఓడెక్కేసరికి అది ఎన్ని చేతులు మారిందో ఎవరికీ తెలియదు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఇక్కడి లేసు పనివాళ్ల మీద 1982లో ఒక పుస్తకం ప్రకటించారు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లి విదేశాలకు సరుకు తయారుచేస్తున్న ఈ ఆడవాళ్లను లోకం పనివాళ్లుగా లెక్కే వేయడం లేదనీ, ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునే కాలక్షేపం అంటున్నదనీ ఆమె రాశారు.

మా అమ్మ ఆ ఆడవాళ్లలో ఒకరు. వంట ముగించి, మమ్మల్ని బడికి పంపి, అరుగు మీద కూర్చుంటే దీపాలవేళ దాకా సూది కదులుతూనే ఉండేది. ఏజెంటు ఇచ్చిన దారం లెక్క, దాన్నిబట్టి కూలి. నా ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష రుసుము ఆ కూలి నుంచే కట్టారు. అమ్మ అల్లిన పువ్వుకు చివరి ముడి కొంచెం లోపలికి తిప్పి ఉండేది. వంద పువ్వుల్లో కలిపేసినా మేము పోల్చుకునేవాళ్లం. ఆ ముడే అమ్మ సంతకం. సముద్రం అవతల ఆ గుడ్డ కొన్నవారికి ఆ సంగతి తెలిసే దారి లేదు. చివరి రోజుల్లో కళ్లు ఆనక సూది పక్కన పెట్టేసింది. ఆవిడకు పెన్షన్ లేదు, సర్వీసు రిజిస్టరు లేదు. నాకు రెండూ ఉన్నాయి.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మడపోలం తర్వాత మన ఊరి పేరు మరోసారి గుడ్డకెక్కింది. సంతోషమే. కాని అది కూడా ఊరి పేరే.

నాకు తోచిన తీర్పు

అపోలో-11 బిళ్ల మీద పేర్లు లేవు, మా అమ్మ లేసు మీదా పేరు లేదు. రెండూ ఒకటి కావు. అక్కడ పేరు పెట్టుకోగలిగినవాళ్లు అందరి కోసం తమ పేరు వదులుకున్నారు. ఇక్కడ పేరేమిటని అడిగినవాళ్లే లేరు.

అందుచేత కార్యవర్గానికి నా మనవి మూడు ముక్కలు. ఒకటి, మన సంఘం బిళ్ల మీద ఎవరి పేరూ వద్దు, నాది అసలే వద్దు. గోదావరి, పడవ, సంఘం పేరు చాలు. బంట్రోతు నుంచి ఆఫీసరు దాకా అందరూ పెట్టుకోగలిగిన బిళ్ల కావాలి. రెండు, దానికి లేసు అంచు మన ఊళ్లోనే అల్లించాలి. మన కుటుంబ పెన్షనర్లలోనే మంచి అల్లిక తెలిసినవారు ఉన్నారు. బేరం ఆడకుండా, వాళ్లు పెట్టిన గంటల లెక్కన కూలి ఇవ్వాలి. మూడు, సంఘం కార్యాలయంలో ఒక మంచి బైండు పుస్తకం పెట్టి, అందులో ప్రతి సభ్యుడి పేరు, అంచు అల్లిన ప్రతి మహిళ పేరు, ఇష్టమైతే మన ఇళ్లలో లేసు అల్లి మనల్ని చదివించిన తల్లుల పేర్లు రాయించాలి. బిళ్ల మీద చోటు తక్కువ. పుస్తకంలో కాగితాలకు కొదవ లేదు.

కార్యవర్గం ఒప్పుకుంటే బైండు పుస్తకం నేనే కొనిస్తాను. మొదటి పేజీలో రాయవలసిన పేరు ఒకటి నా దగ్గర ఉంది.