పాఠకులకు మనవి: డికెన్స్ ప్రకటనల వెనుక కథ

నవలా చరిత్ర చదివేవాళ్లు నవలల్ని చదువుతారు, పీఠికల్ని చదువుతారు, రచయిత ఉత్తరాలు దొరికితే అవీ చదువుతారు. సంచికలతో పాటు “పాఠకులకు మనవి” అంటూ వచ్చే నాలుగు ముక్కల్ని మాత్రం చాలామంది దాటేస్తారు. తర్వాతి నవల ఎప్పుడు, ఈ నెల భాగం ఎందుకు రాలేదు, ఇకపై పేజీలెన్ని – ఇవే కదా అందులో వుండేవి! నా మటుకు నాకు రచయితకూ, పెట్టుబడికీ, పాఠకుడికీ మధ్య వున్న సంబంధం అంత బాహాటంగా బయటపడే చోటు మరొకటి లేదనిపిస్తుంది. సీరియల్ నవలను పెద్ద వ్యాపారంగా నిలబెట్టిన చార్లెస్ డికెన్స్ ప్రకటనల్ని వరసగా పెట్టి చూస్తే ఆ సంగతి తేటపడుతుంది.

1836 మార్చి ఆఖరున ‘పిక్విక్ పేపర్స్’ మొదటి భాగం వెలువడేనాటికి డికెన్స్ వయస్సు 24. పత్రికా విలేకరి. చాప్‌మన్ అండ్ హాల్ ప్రచురణ సంస్థ భాగానికింత అని ఇస్తానంటే ఒప్పుకున్నాడు. బొమ్మల రాబర్ట్ సీమోర్ అప్పటికే పేరున్నవాడు. అతను వేట సరదాల బొమ్మలు వేస్తే వాటికి తగ్గ కథనం అల్లటం ఈ కుర్రవాడి పని. ఏప్రిల్ 20న సీమోర్ తుపాకితో కాల్చుకుని చనిపోయాడు. రెండో భాగంలో సంతాపంతో పాటే, ఇకపై మెరుగైన ఏర్పాట్లు చేస్తున్నామన్న కబురు కూడా పాఠకులకు అందింది. మూడో భాగం నుంచి నాలుగు బొమ్మలు రెండయ్యాయి, 24 పేజీలు 32 అయ్యాయి. చనిపోయినవాడి వాటా సగానికి పడిపోయింది, బతికున్నవాడి వాటా పెరిగింది. ఆ ప్రకటనను నేను చదివేది అలాగే. మొదట వందల్లో అమ్ముడుపోయిన ‘పిక్విక్’ చివరికి సుమారు 40,000 ప్రతులకు చేరింది. అసలు ఊహ తన భర్తదేనని సీమోర్ భార్య తర్వాత ఎంత వాదించినా, డికెన్స్ తన పుస్తకం పీఠికల్లోనే దాన్ని కొట్టిపారేశాడు. ఆమెకు పీఠిక ఎక్కడిది?

1837 మే 7న డికెన్స్ మరదలు మేరీ హోగార్త్ పదిహేడేళ్లకే కన్నుమూసింది. ఆ నెలాఖరున రావలసిన భాగం రాలేదు. తర్వాతి భాగంలో డికెన్స్ తన దుఃఖం సంగతి చెప్పుకుని, తాను చచ్చాడనీ, పిచ్చెక్కిందనీ, అప్పులకింద ఖైదయ్యాడనీ, అమెరికా పారిపోయాడనీ లేచిన పుకార్లను హాస్యంగా ఏకరువు పెట్టాడు. ఒక్క నెల ఆగితే ఇన్ని పుకార్లు! నెలనెలా షిల్లింగు పెట్టి కొనే పాఠకుడు రచయిత ఇంటి విషయాల్లో కూడా తనకు హక్కుందనుకోవటం అప్పటికే మొదలయిందన్నమాట. ఆ హక్కును డికెన్స్ కాదనలేదు, పెంచి పోషించాడు.

1841లో ‘మాస్టర్ హంఫ్రీస్ క్లాక్’ వారపత్రిక పాఠకులకు రాసిన ప్రకటనలో, వారం వారం రాసే ఇరుకు తనకు సరిపడటం లేదనీ, పత్రిక ఆపేసి 1842 నవంబరులో కొత్త నవలను నెలవారీ భాగాలుగా మొదలుపెడతాననీ చెప్పాడు. మన వారపత్రికల సీరియల్ రచయితలు ఎరిగిన ఇరుకే అది. ఆ విరామ కాలంలో ప్రచురణకర్తలు అతనికి నెలకు 150 పౌన్లు ముందుగా ఇవ్వటానికి ఒప్పుకున్నారు. ఆ లెక్క పాఠకుడికి చెప్పవలసిన వార్త కాలేదు. నవల, ‘మార్టిన్ చజిల్‌విట్’, అన్న తేదీకి రానూ లేదు. 1843 జనవరి సంచికతో మొదలయింది.

1850లో మొదలయిన ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’లో సగం వాటా డికెన్స్‌ది. నిర్వాహకుడిగా అతని పేరు పేజీ పేజీకీ పైన వుండేది. లోపల రాసేవాళ్ల పేర్లు వుండేవి కావు. ప్రజల పక్షాన కలం పట్టినవాడి పత్రికలో ఇతర కలాల శ్రమ ఇలా అనామకంగా మిగిలిపోవటం మనం గమనించదగ్గది.

1858 జూన్ 12న ఆ పత్రిక మొదటి పేజీలో ‘పర్సనల్’ అనే శీర్షికతో తన కుటుంబ కలహం గురించి పాఠకులకు విన్నవించుకున్నాడు. పదిమంది పిల్లల్ని కన్న భార్య కేథరిన్‌ను ఏడాదికి 600 పౌన్ల భరణం మీద వేరు పెట్టిన సందర్భం అది. పుకార్లన్నీ అబద్ధాలన్నాడు. ప్రచురణకర్తలు బ్రాడ్‌బరీ అండ్ ఇవాన్స్ తమ ‘పంచ్’ పత్రికలో ఆ ప్రకటన వెయ్యలేదని ఆగ్రహించి వారితో తెగతెంపులు చేసుకున్నాడు. 1859 మే 16న ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’ వేలానికి వస్తే 3,550 పౌన్లకు కొని మూసేశాడు. అప్పటికే ఏప్రిల్ 30న ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’ తొలి భాగంతో సొంత పత్రిక ‘ఆల్ ది ఇయర్ రౌండ్’ బయటికొచ్చింది. అందులో నాలుగింట మూడు వంతులు డికెన్స్‌వే. కూలికి కుదిరిన కుర్రవాడు ఇరవై మూడేళ్లకు యజమాని అయ్యాడు. రచయిత తన ఉత్పత్తి సాధనాన్ని చేజిక్కించుకున్నాడని సంతోషించవచ్చు, నేనూ సంతోషిస్తాను. అయితే ఆ సాధనం మొదట ఎవరి మీద పనిచేసిందో కూడా చరిత్రలో రాయాలి.

బ్రాడ్‌బరీ అండ్ ఇవాన్స్ తమ వాదన అచ్చువేసుకున్నారు. వారికి అచ్చుయంత్రం వుంది. కేథరిన్ ఏ ప్రకటనా చెయ్యలేదు. 1879లో, చనిపోయే ముందు, డికెన్స్ తనకు రాసిన ఉత్తరాల కట్టను కూతురు కేట్ చేతికిచ్చి, ఆయన ఒకప్పుడు తనను ప్రేమించాడని లోకానికి తెలియాలి, బ్రిటిష్ మ్యూజియంలో భద్రపరచమని కోరింది. ఆ ఉత్తరాలు మ్యూజియానికి చేరేసరికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.