సర్కారు ఆసుపత్రులకు మందులు, పరికరాల సరఫరా

రోగికి డాక్టరు, నర్సు ఎంత అవసరమో దూది, సిరంజి, సెలైను, ఆక్సిజన్ వేళకు అందడమూ అంతే అవసరం. ఏవి కావాలో ఎంచి, కొని, నాణ్యత పరీక్షించి, నిల్వ చేసి, వార్డు దాకా చేర్చడం, యంత్రాలైతే మూలన పడకుండా చూసుకోవడం సరఫరా వ్యవస్థ పని. వైద్య చరిత్రలు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. కానీ పేదవాడికి సర్కారు దవాఖానా మీద నమ్మకం కుదిరేదీ, చెదిరేదీ మందులిచ్చే కిటికీ దగ్గరే.

మన దేశంలో దీని మూలాలు ఈస్టిండియా కంపెనీ కాలంలో ఉన్నాయి. సైనికుల వైద్యం కోసం కంపెనీ కలకత్తా, మద్రాసు, బొంబాయిలలో వైద్య సామగ్రి డిపోలు పెట్టింది. అవే తర్వాత కేంద్ర ప్రభుత్వ మెడికల్ స్టోర్స్ వ్యవస్థగా మారాయి. హైదరాబాద్, గువాహటి, కర్నాల్ డిపోలు కూడా అందులో భాగమే.

స్వాతంత్ర్యం వచ్చాక రాష్ట్రాలు చాలాకాలం రేట్ కాంట్రాక్టు పద్ధతిని నడిపాయి. రాజధానిలో ధర ఖరారయ్యేది, ఎంత కొంటారో మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. ఆసుపత్రులు ఎవరికి వారే కంపెనీలకు ఆర్డర్లు పెట్టేవి, బిల్లుల చెల్లింపు నెలల తరబడి సాగేది. డబ్బు ఎప్పుడొస్తుందో తెలియని కంపెనీ ఆ జాప్యం ఖరీదును కూడా ధరలో కలుపుకునేది, లేదా సరుకే పంపేది కాదు. స్టోరులో ఒక మందు గడువు దాటి పారేయాల్సి వస్తుంటే, పక్క అరలో అత్యవసర మందు ఉండేది కాదు. రోగి చేతికి చీటీ వచ్చేది, బయట కొనుక్కోమని.

కావలసింది ముందుగా ఒక జాబితా. కేంద్ర ప్రభుత్వం వేసిన జైసుఖ్‌లాల్ హాథీ కమిటీ 1975 నివేదికలో అత్యవసర మందులను వేరుచేసి చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన తొలి అత్యవసర మందుల జాబితాను 1977లో ప్రకటించింది. భారత్ జాతీయ జాబితా 1996లో గానీ రాలేదు. మన దేశమే వేసిన కమిటీ చెప్పిన మాట అమలు కావడానికి ఇరవై ఏళ్లు పట్టడం బాధాకరం.

అసలు మలుపు తమిళనాడుది. అక్కడి ప్రభుత్వం 1994లో తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్‌ను కంపెనీగా నమోదు చేసింది. 1995 నుంచి మందుల కొనుగోలు మొదలైంది. తొలి సారథి ఐఏఎస్ అధికారి ఆర్. పూర్ణలింగం. టెండరులో ముందు కంపెనీ సాంకేతిక అర్హత తేల్చేవారు, అందులో నెగ్గినవారి ధరల కవరే తెరిచేవారు. సరుకు జిల్లా గోదాముకు చేరగానే నమూనా తీసి, తయారీదారు పేరు తెలియకుండా కోడ్ నంబరు వేసి ప్రయోగశాలకు పంపేవారు. ఆ పరీక్షలో నెగ్గాకే బ్యాచి ఆసుపత్రికి కదిలేది. మాత్రల స్ట్రిప్పు మీద ప్రభుత్వ ముద్ర ఉండేది కాబట్టి దొంగచాటుగా అమ్ముకోవడం కష్టమైంది.

వీటన్నిటికన్నా గొప్పది పాస్‌బుక్ అనిపిస్తుంది. బ్యాంకు ఖాతాలా ప్రతి ఆసుపత్రికీ ఏడాదికి ఇంత విలువ అని అందులో రాసిచ్చారు. ఏ మందు ఎంత తెచ్చుకోవాలో వైద్యాధికారి ఇష్టం. తీసుకున్నకొద్దీ ఆ విలువలోంచి తగ్గిపోతుంది. రోగులను రోజూ చూసేవారి చేతికి నిర్ణయం వెళ్లింది. కేరళ, రాజస్థాన్ ఇదే దారి పట్టాయి. రాజస్థాన్ 2011 అక్టోబర్ 2న ఉచిత మందుల పథకం ప్రారంభించింది.

తెలుగు నేల మీద ఈ బాధ్యత వైద్య సేవల, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థది. 2014 విభజన తర్వాత రెండు రాష్ట్రాలకూ వేర్వేరు సంస్థలయ్యాయి. సరుకు జిల్లాల్లోని సెంట్రల్ డ్రగ్ స్టోర్లకు చేరుతుంది, అక్కడి నుంచి ఫార్మసిస్టులు పెట్టే ఇండెంటును బట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు (పీహెచ్‌సీలకు) వెళుతుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన ఈ-ఔషధి సాఫ్ట్‌వేర్ వచ్చాక ఏ స్టోరులో ఎంత నిల్వ ఉందో, దేనికి గడువు దగ్గరపడిందో కంప్యూటరులో కనబడుతోంది. అయితే ఫార్మసిస్టు పోస్టు ఖాళీగా ఉన్నచోట ఆ వివరాలు ఎక్కించేదెవరు?

పరికరాల సంగతి ఇంకా ఆలస్యంగా కదిలింది. మందు వాడితే అయిపోతుంది, యంత్రానికి మాత్రం ఏళ్ల తరబడి సేవ చేయాలి. కొనడానికి దొరికిన డబ్బు మరమ్మతుకు దొరికేది కాదు. రాష్ట్రాల్లో లెక్క తీస్తే 13 నుంచి 34 శాతం పరికరాలు పనిచేయడం లేదని తేలింది. అందుకే 2015లో జాతీయ ఆరోగ్య మిషన్ బయోమెడికల్ పరికరాల నిర్వహణ కార్యక్రమాన్ని తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ దీన్ని తొలినాళ్లలోనే అందుకుంది. ప్రతి యంత్రానికీ గుర్తింపు సంఖ్య అంటించి, ఫిర్యాదుకు టోల్‌ఫ్రీ నంబరు పెట్టారు. జిల్లా ఆసుపత్రిలో పరికరాలు 95 శాతం సమయం, సామాజిక ఆరోగ్య కేంద్రంలో (సీహెచ్‌సీ) 90, పీహెచ్‌సీలో 80 శాతం పనిచేయాలన్నది ప్రమాణం. దిగుమతుల మీద ఆధారం తగ్గించడానికి విశాఖపట్నంలో వైద్య పరికరాల తయారీకి మెడ్‌టెక్ జోన్ వెలిసింది.

కోవిడ్ రెండో అల వచ్చిన 2021లో ఆక్సిజన్ అందరికీ పాఠం చెప్పింది. ఏప్రిల్‌లో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ విశాఖ ఉక్కు కర్మాగారంలో ట్యాంకర్లు నింపుకుని మహారాష్ట్రకు బయలుదేరింది. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకర్ రావడం ఆలస్యమై ఆక్సిజన్ పీడనం పడిపోయింది. అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. డాక్టర్లు, పడకలు, వెంటిలేటర్లు ఉన్న పెద్దాసుపత్రిలో జరిగిన ఘోరమిది. ఆ ఏడాది పీఎం కేర్స్ నిధితో దేశమంతటా గాలి నుంచి ఆక్సిజన్ తీసే పీఎస్ఏ ప్లాంట్లు 1,200కు పైగా పెట్టారు. వాటికీ కరెంటు, ఫిల్టర్లు, నడిపే టెక్నీషియన్ కావాలి.

ప్రతి సర్కారు ఆసుపత్రికీ అభివృద్ధి సంఘం ఉంది, అందులో ప్రజాప్రతినిధులున్నారు. తదుపరి సమావేశంలో వారు రంగుల గోడలు, కొత్త గేటు గురించి కాక, అయిపోయిన మందుల జాబితా, మరమ్మతుకు ఎదురుచూస్తున్న యంత్రాల జాబితా అడగాలి. వాటిని ఓపీ గది బయట నోటీసు బోర్డులో పెట్టించాలి.